ఉమ్మిన ముద్ద

ముద్ద గొంతు దిగనప్పుడు పక్కన ఎవరైనా ఉండి ఉంటే నా కథ ఇంత దూరం వచ్చేది కాదేమో. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో నాకు తెలిసిన ఏ ఇంట్లోనైనా ఆడది ఆఖరున తింటుంది. మగవాళ్ళు తిని లేచాక, పెద్దవాళ్ళు తిని నడుం వాల్చాక, వంటగదిలో పీట వేసుకుని, గిన్నెల్లో మిగిలింది కలుపుకుని ఒక్కర్తే తింటుంది. తిందో లేదో చూసేవాళ్ళుండరు. గిన్నెలు కడిగి బోర్లిస్తే తిన్నట్టే లెక్క.

మొన్నీమధ్య మా వీధి చివర ఉండే ఒకావిడ వచ్చి, "అన్నం ఇక్కడ నిలబడిపోతందక్కా" అని రొమ్ము మధ్య చెయ్యి పెట్టి చూపించింది. ఆ చెయ్యి ఆనిన చోటు చూడగానే గుర్తుపట్టాను. నాకూ సరిగ్గా అక్కడే. ఆవిడకి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఇంకెవరికైనా పనికొస్తే మంచిదే. రాస్తే నాకూ కొంచెం కుదురుగా ఉంటుంది.

డెబ్బై ఏడు ఎండాకాలంలో మొదలైంది. అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. చేసుకున్నది మా మేనత్త కొడుకు సత్యాన్నే. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచినవాణ్ణి పెళ్ళయ్యాక ఏమండీ అనడం నా వల్ల కాలేదు, బావా అనే ఉండిపోయింది. బావ పోర్టులో కలాసీ. మేం పాత ఊళ్ళో, హార్బరు కూత వినబడేంత దగ్గర్లో ఉండేవాళ్ళం. ఇంట్లో బావ, నేను, మా అత్త సన్యాసమ్మ, అంతే. పిల్లలు ఇంకా పుట్టలేదు.

మొదట్లో ఎప్పుడో ఒకసారి ముద్ద రొమ్ములో ఆగేది. నీళ్ళు తాగితే జారేది. తర్వాత నీళ్ళు కూడా ముద్ద మీద నిలబడేవి. లేచి వంటగదిలోనే అటూ ఇటూ నడిచేదాన్ని, చేతులు పైకెత్తి మెడ సాగదీసేదాన్ని. ఎవరైనా చూస్తే దయ్యం పట్టిందనుకునేవారు. ఎవరూ చూడలేదు. పడుకుంటే తిన్నది తిన్నట్టు తలగడ మీదకి వచ్చేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను కూర్చుని తినలేక కరిగిపోవడం మొదలుపెట్టాను.

అత్తతో ఒకసారి అన్నాను. "ఆబగా తింటే అంతేనే. నెమ్మదిగా తిను," అంది. మంచి మాటే. నెమ్మదిగా తిన్నాను. నెమ్మదిగా తింటే నెమ్మదిగా వెనక్కి వచ్చేది.

దువ్వాడ అవతల ఉన్న మా కన్నవారి ఊరిని స్టీలు ప్లాంటు కోసం ఖాళీ చేయించారు. అమ్మా నాన్నా అంతకు ముందే పోయారు. ఒంట్లో బాగోకపోతే పుట్టింటికి పోయి నాలుగు రోజులు పడుకోవడం ఆడవాళ్ళకున్న ఒకే ఒక్క సెలవు. నాకు ఆ సెలవు కూడా లేదు.

మరుసటేడు ఉగాదికి అద్దంలో చూసుకుంటే మెడ ఎముకలు రెండూ బయటికొచ్చి ఉన్నాయి. అప్పుడు అత్త నన్ను నిజంగా చూసింది. చూసి తేల్చేసింది.

"దీనికెవలో మందెట్టీసినారు."

అంటే గిట్టనివాళ్ళు ఎవరో తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది లోపల ఉండకట్టి అన్నాన్ని రానివ్వడం లేదని. తగరపువలస దాటాక ఒక ఊళ్ళో ఆ మందు కక్కించే ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారు. బస్సులో తీసుకెళ్ళారు. ఆకు పసరు తాగించాడు, వీపు మీద గుద్దాడు. వాంతయింది. అందులోంచి నల్లటి ఉండ ఒకటి తీసి, "ఇదిగో, ఇదే" అని చూపించాడు. ఆ ఉండ నా నోట్లోంచి రాలేదు, ఆయన వేళ్ళ సందులోంచి వచ్చింది. నేను చూశాను. కానీ నేను చూసింది ఇంకొకటి కూడా ఉంది. రాత్రి తిన్న అన్నం మెతుకుకి మెతుకు అలాగే ఉంది, పులుపు వాసనైనా లేదు. పొయ్యి మీదకి ఎక్కని బియ్యంలా ఉంది. అది కడుపు మొహమే చూడలేదని నాకప్పుడే అనిపించింది.

అత్త మాత్రం ఉండని చూసి దణ్ణం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఇంక తింటావులే" అని నా తల నిమిరింది. ఆవిడ మొహంలో సంతోషం చూసి ఆయన వేళ్ళ సందు సంగతి లోపలే దాచుకున్నాను.

ఆ వానాకాలం మంచినీళ్ళు కూడా దిగని రోజు వచ్చింది. బావ షిఫ్టు మానేసి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి బెంచీల మీద ఎన్ని పూటలు కూర్చున్నానో. మధ్యాహ్నం అయ్యేసరికి వరండా పొడుగునా క్యారేజీలు తెరుచుకునేవి. ఒకరోజు నా పక్కన గోపాలపట్నం నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. పులిహోర పొట్లం విప్పి, "ఒక్క ముద్ద తినమ్మా, మొకం పీక్కుపోయింది," అంది. దిగదు పిన్నీ అని చెప్పాను. ఆవిడ నన్ను చూసింది, పొట్లం చూసింది, మళ్ళీ మడిచి సంచిలో పెట్టేసుకుంది. సాయంత్రం దాకా ఆవిడ కూడా ఏమీ తినలేదు. దయగల మనిషి. కానీ ఆ దయ చూసి నాకు భయం వేసింది. నన్ను చూస్తే జనం తిండి మానేస్తున్నారు.

సున్నం నీళ్ళలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు పెద్దాయన, విసుగు లేని మనిషి. "గొట్టం చివర కడుపులోకి వెళ్ళేచోట ఒక బిగింపు ఉంటుందమ్మా. ముద్ద వచ్చినప్పుడు అది వదులవ్వాలి. నీకు అవడం లేదు. కోసి వదులు చెయ్యాలి," అన్నారు. వెంటనే చేసెయ్యండి అన్నాడు బావ. ఆయన నా మణికట్టు వేళ్ళతో చుట్టి చూపించారు. వేళ్ళు కలిశాక ఇంకా చోటు మిగిలింది.

"ఈ ఒంటికి మత్తిస్తే మళ్ళీ లేవదు. ఆ చోటు వరకే మొద్దుబార్చి కడుపుకి చిన్న గొట్టం పెడతాను. దాంట్లోంచి గంజీ, పాలూ, గుడ్డూ పొయ్యండి. ఒళ్ళు చేసి రా తల్లీ. ఒళ్ళు చేస్తేనే నేను కొయ్యగలను."

బతుకంతా ఆ ఒక్క మాట మీద ఆగింది. లావయితే బతుకుతాను, లేకపోతే లేదు.

దసరా వెళ్ళాక ఇంటికి తెచ్చారు. పొట్ట మీద రబ్బరు గొట్టం, దానికి గరాటు. వడగట్టిన గంజి పోస్తే లోపలికి దిగడం తెలిసేది. నోటికి తెలియకుండా కడుపులోకి తిండి రావడం ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేను. దొడ్డిదారిన ఎవరో ఇంట్లోకి వచ్చినట్టుండేది. వచ్చింది అక్కడే కూర్చునేది. పొట్ట రాయిలా బిగిసేది, తేన్పులు వచ్చేవి, ఒక్కోసారి గొట్టం పక్కనుంచి బయటికి కారేది. పాలు మార్చి చూశారు, గంజి పల్చన చేశారు. నేను ఇంకా చిక్కాను.

అత్త నాకోసం చెయ్యనిది లేదు. నన్ను ముందు గదిలో మంచం మీద పెట్టింది. వంటగది తలుపు మూసేసింది. తెల్లవారకుండానే వండేసేది, నాకు వాసన తగలకూడదని పోపు వెయ్యడం మానేసింది. చేపలు తేవడం మానేసింది. ఆవిడా బావా పెరట్లోకి పోయి, కంచాల చప్పుడు కాకుండా తినేవారు. "దాని ఎదర తింటే పాపం రా. దాని కళ్ళల్లో పేణాలున్నాయి," అని బావతో అనడం నా చెవిన పడింది.

వాళ్ళు నన్ను ప్రేమిస్తున్నారని తెలుసు. అయినా అంత ఒంటరితనం నేను ఎన్నడూ పడలేదు. చెవులు మాత్రం తలుపు అవతలికి పోయేవి. చెంబు కింద పెట్టిన చప్పుడు, బావ గుటక, అత్త వేళ్ళు విదిలించిన చప్పుడు. తర్వాత ఇద్దరూ నోరు పుక్కిలించి, ఏమీ జరగనట్టు నా గదిలోకి వచ్చేవారు. బావ షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు వక్కపొడి నమిలి వచ్చేవాడు. క్యాంటీన్‌లో ఏం తిన్నాడో నాకు తెలియకూడదని. నాకు తెలిసేది. ఏం తిన్నావు బావా అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే దొంగతనం పట్టుకున్నట్టు తల దించుకుంటాడని మానేసేదాన్ని. మా ఇంట్లో అన్నం గురించి మాట లేదు. అన్నం గురించి మాట లేకపోతే ఇంట్లో ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుందో చెప్పండి!

ఆకలి రుచి ఎరగదంటారు. రుచి లేకపోతే ఆకలే పుట్టదని నాకు అప్పుడు తెలిసింది. ఆకలి పోయింది. పోతే పోయిందని అనిపించడం కూడా మొదలైంది. ఇప్పుడు తలచుకుంటే అది అన్నిటికన్నా భయం.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం అత్త బజారుకి వెళ్ళింది. నేను గంజి గిన్నె పక్కన పెట్టుకుని, పొయ్యాలా వద్దా అని చూస్తున్నాను. అప్పుడు గోడ అవతల నుంచి వచ్చింది, ఎండు నెత్తళ్ళ చేపలు నిప్పుల మీద వేగే వాసన. నోట్లో నీళ్ళు ఊరాయి. మామూలుగా కాదు, గిన్నె పట్టుకుని ఉమ్మాల్సినంత. ఆ వెంటనే కడుపులో గుర్రుమని చప్పుడైంది. చాలా నెలల తర్వాత నా కడుపు మాట్లాడడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ వాసనలోనే గంజి పోశాను. రాయి కాలేదు. వెచ్చగా సర్దుకుంది. ఆ పూట తిన్న మనిషిలా నిద్రపోయాను.

మర్నాడు వాసన లేదు. పోసిన గంజి మళ్ళీ రాయి.

ఆ మర్నాడు అత్త గుడికి వెళ్ళగానే గొట్టం చేత్తో పట్టుకుని పెరటి గోడ దగ్గరికి నడిచాను. అవతల ఫాతిమక్క. వాళ్ళాయన పరుపులు కుడతాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ ఆ వీధిలోనే ఉంటున్నారు.

"ఫాతిమక్కా, నెత్తళ్ళు ఏపవా?"

ఆవిడ కంగారు పడిపోయింది. "మొన్న వాసనొచ్చీసిందేటి? మాఫ్ సెయ్యి మంగా. మీ అత్త ఈది ఈదంతా సెప్పింది, నీకు వాసన తగలనీయొద్దని. మొన్న ఆవిడ లేదు కదాని ఏపీసినాను."

అంటే వీధి వీధంతా నాకోసం ముక్కు మూసుకుని వండుకుంటోందన్న మాట!

"కోపం కాదక్కా. ఒకటి ఇయ్యి. కాసింత అన్నంతో ఇయ్యి."

"నీకు దిగదు కదే తల్లీ!"

"దిగక్కర్లేదు. నములుతాను."

చిన్న ముద్ద ఆకులో పెట్టి గోడ మీంచి ఇచ్చింది. నమిలాను. ఉప్పు, కారం, కాలిన చేప చేదు. కళ్ళంట నీళ్ళు కారుతుంటే నమిలి నమిలి, ఆకులోనే ఉమ్మి, గంజి పోసుకున్నాను. కడుపు పుచ్చుకుంది. అప్పటినుంచి అత్త కునుకు తీసే వేళకి గోడ దగ్గరికి పోవడం, ఒక ముద్ద నమలడం, ఉమ్మడం. నెల తిరిగి ఆసుపత్రికి వెళితే బరువు పెరిగిందన్నారు. అత్త దేవుడికి దణ్ణం పెట్టింది. నేను మనసులో ఫాతిమక్కకి పెట్టాను.

దొరికిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఒకరోజు అత్త పెరట్లోకి వచ్చేసరికి నేను ఉమ్ముతున్నాను.

"ఓలే! అన్నం ఉమ్ముతన్నావేటే!"

మా అత్త మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకునే మనిషి. కరువు చూసిన మనిషి. ఆవిడ మొహం తెల్లబోయింది.

"లచ్చిందేవిని నమిలి ఉమ్మీసి, గొట్టంలో గెంజి పోసుకుంటావా? ఈ ఇంట నానుండగా కుదరదు."

"నోటికి తగిల్తే కడుపు ఒప్పుకుంటంది అత్తా."

"ఓహో! నోటికీ కడుపుకీ మజ్జిన కబుర్లు నడుస్తన్నాయేటి? మాకు తెల్దులే!"

ఫాతిమక్కని కూడా గట్టిగా అనేసింది. సాయంత్రం బావ వస్తే అతనికి చెప్పాను. ఎర్ర ఖనిజం దుమ్ము కూడా కడుక్కోకుండా అలా కూర్చుండిపోయాడు. "అమ్మని కాదని ఏటి సేత్తానే మంగా," అన్నాడు. చివరికి బావ కూడా నావైపు లేడు. ఆ రోజుల్లో అత్తని ద్వేషించాను. సొంత మేనత్త, నన్నెత్తుకు పెంచిన మనిషి. అయినా ద్వేషించాను. ఆవిడ గరాటు పట్టుకుని వస్తే మొహం తిప్పుకునేదాన్ని. ఆవిడ పోసేది, నేను గోడకేసి చూసేదాన్ని, పొట్ట రాయి అయ్యేది.

మాఘం చివర మళ్ళీ ఆసుపత్రి. బావకి షిఫ్టు ఉంది, అత్తే తోడొచ్చింది. బరువు చూసి డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "పోయినసారి పెరిగావు. ఇప్పుడెందుకు తగ్గావు? ఇలా అయితే నా చేతుల్లో ఏమీ ఉండదు." నేను అత్త వైపు చూడకుండా మొత్తం చెప్పేశాను, నెత్తళ్ళతో సహా. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నిజమే చెప్తోంది. వాసన తగిలి, రుచి తగిలి, నమిలితే, నోట్లో ఊరినట్టే కడుపులోనూ అరిగించే రసం ఊరుతుంది. తిండి వస్తోందని నోరు ముందు కబురు పంపాలి, అప్పుడే కడుపు తయారవుతుంది. కబురు లేకుండా పోస్తే అందరి కడుపూ ఒకలా ఊరుకోదు. ఉమ్ముకో తల్లీ. నీకేది ఇష్టమైతే అది నమిలి ఉమ్ముకో."

బస్సులో అత్త కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. పూర్ణా మార్కెట్టు దాటాక ఎవరితోనో అన్నట్టు, "అయితే దీన్ని మాడ్సింది నానేనేటి?" అంది.

మర్నాడు మధ్యాహ్నం వంటగది తలుపు బార్లా తెరుచుకుంది. ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు, ఇంగువ. ఇల్లంతా తుమ్ములు. అత్త కంచంలో చారన్నం, పక్కన రెండు నెత్తళ్ళు పెట్టుకుని వచ్చి నా మంచం ముందు పీట వేసుకుని కూర్చుంది. కలిపి, ముద్ద చేసి, నా నోట్లో పెట్టింది. నమిలాను. తర్వాత గిన్నె కోసం చూశాను. గిన్నె తేలేదు.

ఎడం చెయ్యి దోసిలిలా చేసి నా గడ్డం కింద పట్టింది.

"ఉమ్మియ్యి."

నేను బుగ్గలో ముద్ద పెట్టుకుని తల అడ్డంగా ఊపాను.

"ఉమ్మియ్యే. సిన్నప్పుడు నా ఒళ్ళో కూకుని ఉగ్గు ఉమ్మీలేదేటి నువ్వు? అప్పుడు పట్టినాను, ఇప్పుడూ పడతాను. అన్నం నేలన పడితేనే పాపం. నా సేతిలో పడితే ఏటి పాపం?"

ఉమ్మాను. ఆవిడ దాన్ని పక్కన ఆకులో పెట్టి, చెయ్యి కడుక్కుని, తనొక ముద్ద తింది. నాకొకటి, తనకొకటి. ఆ కంచం అయిపోయేదాకా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం, కారం వల్ల అనుకున్నాం. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో ఇంకొకరితో కలిసి తినడం నాకు అదే మొదటిసారి. సాయంత్రం బావ వస్తే అత్త కేకేసింది. "ఒరే సత్తిం, కంచం ఒట్టుకుని ఇక్కడికి రా. పెరట్లో దొంగ తిళ్ళు సాలు." అత్త గోడ దగ్గరికి పోయి ఫాతిమక్కతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఆ మర్నాటి నుంచి గిన్నెలు గోడ మీంచి అటూ ఇటూ తిరిగాయి.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం చివర్లో ఆపరేషన్ చేశారు. ఆ నొప్పి సంగతి రాయను, పోయిన నొప్పి ఎవరికీ అక్కర్లేదు. పొట్ట మీద గొట్టం ఉన్న చోట ఇప్పటికీ చిన్న గుంట ఉంది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. అత్త పోయి రెండేళ్ళవుతోంది. మా ఇంట్లో ఇప్పుడు అందరం ఒకేసారి కూర్చుంటాం. వచ్చిన చుట్టాలు వింతగా చూస్తారు, చూడనీ. మీ ఇంట్లో ఆఖరున తినే మనిషి ఎవరైనా ఉంటే, ఒక్క పూట ఆవిడ ఎదురుగా కూర్చోండి. ముద్ద దిగుతోందో లేదో కనబడుతుంది. తినలేని మనిషి మంచాన ఉంటే, జాలితో ఆ మనిషి నుంచి వంటగది తలుపు మూసెయ్యకండి.

ఆపరేషన్ అయ్యాక వార్డులో మొదటి ముద్దకి డాక్టరుగారు సరేనన్న రోజు అత్త మెత్తగా పిసికిన చారన్నం తెచ్చింది. వేలి కొసంత ముద్ద నా నోట్లో పెట్టింది. అలవాటు కదా, ఎడం చెయ్యి దానంతటదే నా గడ్డం కిందకి వచ్చేసింది. నమిలాను. మింగాను. రొమ్ము మధ్యకి వచ్చింది, నేను కళ్ళు మూసుకున్నాను, ఆగలేదు. జారిపోయింది.

"ఉమ్మియ్యి," అంది అత్త.

నోరు తెరిచి చూపించాను. నా నోట్లోకి చూసింది, ఖాళీగా ఉన్న తన అరచేతిలోకి చూసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. చాలాసేపు నా గడ్డం కింద అలాగే పట్టుకుని కూర్చుంది.